ఎడారిలో విడిది

ఈ రోజుల్లో పల్లెటూళ్ళలో కూడా ఎవరిని పలకరించినా, "మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడండీ, వేసవికి రమ్మంటున్నాడు" అనేవారు ఒకరైనా ఉంటున్నారు. మేమిద్దరమూ అలాగే 2024 మే నెలలో మా అమ్మాయిని, అల్లుణ్ణి చూడడానికి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరానికి వెళ్ళాము. మా మనుమరాలికి పన్నెండేళ్ళు, మనుమడికి ఆరేళ్ళు. వాళ్ళకు బడి సెలవులు కావడంతో అందరం కలిసి నాలుగు రోజులు ఎడారి చూచి రావాలనుకున్నాము. ఆ ప్రయాణంలో మొదటి రాత్రే ఒక పొరపాటు చేశాము. ఆ పొరపాటును, దానివలన నేర్చుకున్న సంగతులను దాచుకోకుండా వ్రాస్తున్నాము. రేపు మీలో ఎవరైనా ఆ దారిన వెళితే ఉపయోగపడతాయని మా ఆశ.

చక్రాల మీద ఇల్లు

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలు గుర్తుకు వస్తాయి. అమెరికా నైరుతి మూలనున్న ఎడారి అలా ఉండదు. రాళ్ళ కొండలు, ముళ్ళ తుప్పలు, మధ్య మధ్య స్తంభాల్లాంటి సగ్వారో జెముడు చెట్లు కనిపిస్తాయి. ఈ సగ్వారోకు ప్రక్క కొమ్మ రావడానికి సాధారణంగా యాభై నుండి డెబ్భై అయిదేళ్ళు పడుతుందట. మనిషి చేతులెత్తి నిలబడినట్లుండే ఒక్కొక్క చెట్టు మన తాతల కాలం నాటిదన్న మాట.

ఆ ఎడారిలో రాత్రి గడపడానికి అక్కడివారు ముఖ్యంగా మూడు పద్ధతులు పాటిస్తారు. మొదటిది గుడారం. రెండవది క్యాబిన్, అంటే క్యాంపు స్థలంలో కట్టి ఉంచిన చిన్న చెక్క గది. మూడవది ఆర్.వి. అనే బండి. మన మినీ బస్సంత ఉండే ఈ బండిలో పడకలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, ఏ.సి. అన్నీ ఉంటాయి. దానిని అద్దెకు కూడా ఇస్తారు.

ఆర్.వి. నిలిపే చోట్లన్నీ ఒకటి కావని మాకు మొదట తెలియదు. కొన్ని చోట్ల బండికి కరెంటు, నీరు, మురుగు గొట్టం మూడూ తగిలించుకోవచ్చు. దీనిని ఫుల్ హుకప్ అంటారు. కొన్ని చోట్ల కరెంటు, నీరు మాత్రమే ఉంటాయి. మరికొన్ని చోట్ల ఏమీ ఉండవు. ఖాళీ నేల ఉంటుంది, అంతే. బండి ట్యాంకులో తెచ్చుకున్న నీళ్ళతో, బండిలోని జనరేటరుతో సరిపెట్టుకోవాలి.

మొదటి రాత్రి

మేము మొదటి రాత్రికి ఎన్నుకున్నది ఆ చివరి రకం చోటు. ఫీనిక్స్‌కు నైరుతి దిక్కున, పల్లంలో ఉన్నది. ఫోటోలు చూచి మురిసిపోయాము. ఎర్రటి సాయంకాలపు ఆకాశం, దాని ముందు వరుసగా సగ్వారో చెట్లు! వెలా తక్కువే. పైగా ఎన్ని కావాలంటే అన్ని ఖాళీలు ఉన్నాయి. అది మన అదృష్టమే అనుకున్నాము. జూన్ నెలలో అంత అందమైన చోటు ఎందుకు ఖాళీగా ఉన్నదో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

మా అల్లుడు మెల్లగా చెప్పి చూశాడు. "మామయ్యగారూ, అత్తయ్యగారూ, ఈ నెలలో అక్కడ బాగా వేడిగా ఉంటుందేమో. కరెంటు ఉన్న చోటు చూద్దామా?"

"బాబూ, మేము పల్నాడు వాళ్ళం. రెంటచింతల ఎండలు చూచినవాళ్ళం. రోహిణి కార్తెలో పొలం పనులు చేసినవాళ్ళం. మాకు ఎండ కొత్తా?" అన్నాము. పెద్దవాళ్ళం కదా అని అతడు మరి మాట్లాడలేదు.

చేరేసరికి సాయంకాలం నాలుగు దాటింది. చుట్టూ ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు. నీడనిచ్చే చెట్టు అసలే లేదు. సగ్వారో ఎంత ఎత్తు ఉన్నా దాని నీడ ఒక గీత వంటిదే! జనరేటరు వేసి ఏ.సి. పెట్టుకున్నాము. పిల్లలు మాత్రం బయట రాళ్ళు ఏరుకుంటూ తిరిగారు. మాకు చెమట పట్టలేదు గనుక ఎండ అంతగా లేదనే అనుకున్నాము. అక్కడే మోసపోయాము. మన గుంటూరు ఎండలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం వేస్తుంది. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్నదనే సంగతి మనకు తెలియదు.

ఎనిమిది గంటలకు జనరేటరు ఆగిపోయింది. మా అల్లుడు ఎంత ప్రయత్నించినా తిరిగి పనిచేయలేదు. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఇలాంటి బండ్లు చాలావాటిలో జనరేటరు బండి పెట్రోలు ట్యాంకులో నుండే నూనె తీసుకుంటుంది. ట్యాంకు పావు వంతుకు దిగగానే అది దానంతట అదే ఆగిపోతుంది. మనం ఎడారిలో చిక్కుకోకుండా తిరిగి వెళ్ళేందుకు ఆ పావు ట్యాంకు మిగులుస్తుందన్న మాట. మేము ట్యాంకు నింపకుండానే బయలుదేరాము.

ఏ.సి. ఆగిన అరగంటలో బండి పొయ్యి మీద పెట్టిన పెనంలా అయింది. కిటికీలు తెరిస్తే బయటి నుండి వేడిగాలి. అప్పటిదాకా గెంతులేసిన మనుమడు తల నొప్పి అన్నాడు. కొంచెం సేపటికి వాంతి చేసుకొని మా ఒడిలో వాలిపోయాడు. ఒళ్ళు కాలుతున్నది. చేతిలో ఫోను ఉన్నది గానీ అక్కడ సిగ్నల్ లేదు. ఆ క్షణంలో మేము అన్న మాటలు మాకే గుచ్చుకున్నాయి. ఎండ మాకు కొత్త కాకపోవచ్చు. ఆరేళ్ళ పసివాడికి?

ఒక లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలని మా ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఎన్నో ఏళ్ళ క్రితం నేర్పిన సంగతి అప్పుడు అక్కరకు వచ్చింది. ఆ నీళ్ళు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాము. తువ్వాళ్ళు తడిపి మెడ మీద, చంకల్లో ఉంచాము. మా అల్లుడు ఇక ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. మిగిలిన పావు ట్యాంకుతో బండిని వెనక్కు తిప్పాడు. ఇంజన్ నడిచినంతసేపు ముందరి ఏ.సి. పనిచేస్తుంది గనుక బండి కొంచెం చల్లబడింది. పట్టణం చేరేసరికి పిల్లవాడు కళ్ళు తెరచి, "అమ్మమ్మా, ఇంకొంచెం నీళ్ళు" అన్నాడు. ఆసుపత్రిలో చూపించాము. ఒంట్లో నీరు బాగా తగ్గిందనీ, ఇంకొన్ని గంటలు అక్కడే ఉంటే సంగతి వేరుగా ఉండేదనీ డాక్టరుగారు చెప్పారు. మాట తడబడినా, మగతగా పడి ఉన్నా, ఒళ్ళు కాలిపోతూ పిలిస్తే పలకకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోక వెంటనే 911కు ఫోను చేయమని మందలించారు.

అది అతిశయోక్తి కాదని ఇంటికి వచ్చాక తెలిసింది. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు తగ్గకుండా ఎండ కాసింది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడికి 645 మంది చనిపోయారు.

బల్ల మీద పరచిన పటం

మరునాడంతా ఇంట్లోనే విశ్రాంతి తీసుకున్నాము. పిల్లవాడు కోలుకున్నాడు. ప్రయాణం మానేద్దామని మేమన్నాము. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "నాన్నా, ఎడారి తప్పు కాదు. మనం సరిగా అడగకుండా వెళ్ళాము. ఈసారి అడిగి వెళదాం" అన్నది. సాయంకాలం భోజనాల బల్ల మీద పటం పరచుకొని, ఏ చోటైనా బుక్ చేసే ముందు అడగవలసిన ప్రశ్నలు వ్రాసుకున్నాము.

మొదటిది, ఆ చోటు ఎంత ఎత్తున ఉన్నది? ఇదే అన్నిటికన్నా ముఖ్యమని ఇప్పుడు మా నమ్మకం. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడు నుండి అయిదు డిగ్రీల ఫారెన్‌హీటు వేడి తగ్గుతుంది. ఫీనిక్స్ దాదాపు 1,100 అడుగుల ఎత్తున ఉన్నది. గ్రాండ్ కేనియన్ దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగులు. రెండూ ఒకే రాష్ట్రంలో, ఒక్క పూట ప్రయాణంలో ఉన్నా, ఒకచోట రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే మరొకచోట దుప్పటి కప్పుకోవాలి.

రెండవది, మనం వెళ్ళే నెలలో అక్కడికి ఇతరులు వస్తున్నారా? అందరూ వదిలిపెట్టిన చోటు మనకు చవకగా దొరికితే కారణం వెదకాలి.

మూడవది, కరెంటు, నీరు ఉన్నాయా? "క్యాంప్‌గ్రౌండ్" అన్న మాట చూచి నీళ్ళుంటాయని అనుకోకూడదు. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కు ఎంతో పేరున్నది. చేతులు చాపినట్లుండే అక్కడి చెట్లకు, వెనుకటి మోర్మన్ వలసదారులు మన బైబిలులోని యెహోషువ పేరు పెట్టారని చెబుతారు. అంత పేరున్న పార్కులో కూడా ప్రభుత్వ క్యాంపు స్థలాలలో ఎక్కడా బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు లేదు. చాలావాటిలో తాగే నీళ్ళు కూడా లేవు. మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే దాదాపు నాలుగు లీటర్లు తాగడానికే తీసుకువెళ్ళాలి.

నాలుగవది, ఆ చోటు వాగులో గానీ వాగు ఒడ్డున గానీ ఉన్నదా? అక్కడ జూన్ మధ్య నుండి సెప్టెంబరు ఆఖరు దాకా వానలకాలం. ఎండిన వాగులను అక్కడ వాష్ అంటారు. మెత్తని ఇసుకతో, చదునుగా, పడకకు బాగుంటుందనిపిస్తాయి. కానీ ఎక్కడో కొండల మీద కురిసిన వాన, ఇక్కడ చుక్క పడకపోయినా, వరదై వచ్చేస్తుంది. 1997 ఆగస్టు 12న ఉత్తర అరిజోనాలోని యాంటిలోప్ కేనియన్‌లో అలా వచ్చిన నీళ్ళలో పదకొండు మంది యాత్రికులు చనిపోయారు. వాగుల సంగతి మన పల్లెవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా పరాయి దేశంలో ఎండిన వాగు చూస్తే మనకూ అది వాగని తోచదు. మేము చూచిన చోట్లలో ఒకటి, డబ్బు కట్టనవసరం లేనిది, సరిగ్గా అలాంటి ఒడ్డునే ఉన్నది. దానిని కొట్టివేశాము.

అయిదవది, మన బండి పొడవుకు అక్కడ చోటు సరిపోతుందా? గ్రాండ్ కేనియన్‌లోని మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు మించిన బండ్లను అనుమతించరు. కరెంటు కూడా ఉండదు. దాని ప్రక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీరు, మురుగు గొట్టం మూడూ ఉన్నాయి. పేర్లు చూచి తెలుసుకోలేము. అడగాలి.

చచ్చిన గుర్రం పేరున్న చోట

రెండవసారి ట్యాంకు నిండుగా నింపుకొని ఉత్తరానికి బయలుదేరాము. ఫీనిక్స్‌కు సుమారు వంద మైళ్ళ దూరంలో, 3,300 అడుగుల ఎత్తున, కాటన్‌వుడ్ అనే ఊరి ప్రక్కన డెడ్ హార్స్ రాంచ్ అనే రాష్ట్ర ప్రభుత్వపు పార్కు ఉన్నది. పేరుకు అర్థం చచ్చిన గుర్రపు పశువులదొడ్డి! 1940ల చివర ఒక కుటుంబంవారు పొలం కొనడానికి వచ్చి రెండు రోజులు ఎన్నో దొడ్లు చూశారట. ఏది నచ్చిందని తండ్రి అడిగితే పిల్లలు, దారి ప్రక్కన చచ్చిన గుర్రం పడి ఉన్న ఆ దొడ్డే కావాలన్నారట. 1973లో ప్రభుత్వం ఆ భూమిని తీసుకున్నప్పుడు పేరు మార్చకూడదని వారు షరతు పెట్టారు. ఈ కథకు మా మనుమడు నవ్విన నవ్వు విన్నాక మా గుండెలు తేలికపడ్డాయి.

అక్కడ ఏడాది పొడుగునా పారే వెర్డే నది ఉన్నది. ఒడ్డున పెద్ద పెద్ద చెట్లు, పిల్లలు చేపలు పట్టుకునే చెరువులు ఉన్నాయి. పగలు ఎండ లేకపోలేదు. అయితే నీడ ఉన్నది, చీకటి పడగానే చల్లగాలి వీచింది. ఎవరో మానుకొన్నందున మాకు ఒక క్యాబిన్ దొరికింది. మేమిద్దరమూ మనుమరాలూ అందులో పడుకున్నాము. అమ్మాయి, అల్లుడు, చిన్నవాడు కరెంటు ఉన్న స్థలంలో బండిలో పడుకున్నారు. అందువలన రెండింటినీ పోల్చి చూచే అవకాశం కలిగింది.

క్యాబిన్‌లో మంచాలు, దీపాలు, చల్లదనానికీ వెచ్చదనానికీ మిషను ఉన్నాయి. దుప్పట్లు, దిండ్లు మనమే తీసుకువెళ్ళాలి. గదిలో నీళ్ళు లేవు, మరుగుదొడ్డి లేదు. కొంచెం దూరం నడవాలి. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇద్దరికీ రాత్రిళ్ళు లేవవలసిన వయస్సు. మూడుసార్లు మనుమరాలు టార్చిలైటు పట్టుకొని తోడు వచ్చింది. చెప్పులు దులిపి తొడుక్కోవడం మాత్రం మరువలేదు. ఎందుకంటే ఆ ఎడారిలో తేళ్ళు ఉన్నాయి. ఊదారంగు వెలుగునిచ్చే ప్రత్యేకమైన టార్చి వేస్తే అవి చీకట్లో పచ్చగా మెరుస్తాయి. మా మనుమరాలికి అదొక వినోదం, మాకు భయం!

బండిలో మరుగుదొడ్డి చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అయితే ఆ సుఖానికి ఖరీదు ఉన్నది. మురుగు ట్యాంకులు మనమే ఖాళీ చేయాలి. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తరువాత గిన్నెలు కడిగిన నీళ్ళ ట్యాంకు వదలాలి. అప్పుడు రెండవ నీళ్ళతో గొట్టం శుభ్రపడుతుంది. మా అల్లుడు చేతికి తొడుగులు వేసుకొని ఆ పని చేస్తుంటే చూచి, అల్లుడికి ఇంతకన్నా పరీక్ష ఏముంటుందనుకున్నాము. కరెంటు కూడా లెక్క చూచి వాడాలి. మా బండికి 30 ఆంపియర్ల తీగ. అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏ.సి. నడుస్తుండగా రైస్ కుక్కరు, మైక్రోవేవు రెండూ ఒకేసారి వేసేసరికి టప్పున అన్నీ ఆగిపోయాయి.

మా లెక్క ప్రకారం, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు, రాత్రి పదేపదే లేచేవారికి బండి మంచిది. లేదా మరుగుదొడ్డి లోపలే ఉన్న క్యాబిన్ అడగాలి. బండి నడపడం అలవాటు లేనివారికి, ట్యాంకుల పని వద్దనుకొనేవారికి క్యాబిన్ మంచిది.

ఏడు వేల అడుగుల ఎత్తున

మరునాడు గ్రాండ్ కేనియన్ దక్షిణపు అంచు చేరాము. ట్రైలర్ విలేజ్‌లో ముందే బుక్ చేసి ఉంచాము. ఇలాంటి చోట్లకు నెలల ముందే చూసుకోవాలి. ఆ రాత్రి జూన్ నెలలో దుప్పట్లు కప్పుకొని పడుకున్నాము! అక్కడ గాలి పలుచన గనుక గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ముందుగా డాక్టరును అడిగి వెళ్ళాలి. లోయలోకి దిగాలని పిల్లలు సరదాపడ్డారు. కొద్ది దూరం వెళ్ళి ఆపించాము. లోయ తిరగేసిన కొండ వంటిది. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, ఎక్కడం మాత్రం అలసిపోయాక వస్తుంది.

ప్రక్క స్థలంలో ఉద్యోగ విరమణ చేసిన ఒక వృద్ధ దంపతులు ఉన్నారు. మా మొదటి రాత్రి సంగతి చెబితే వారు ఎగతాళి చేయలేదు. తాము ప్రతి చలికాలమూ సరిగ్గా అలాంటి పల్లపు ఎడారిలోనే, క్వార్ట్‌సైట్ అనే ఊరి దగ్గర గడుపుతామన్నారు. అక్కడ సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు ప్రభుత్వ భూమిలో ఒక్క పర్మిటు మీద నెలల తరబడి బండి నిలుపుకోవచ్చు. కరెంటు ఉండదు, అవసరమూ అంతగా ఉండదు. మంచు పడే రాష్ట్రాల నుండి వేలకొలది బండ్లు వస్తాయట. ఆ ఊళ్ళో పిరమిడ్ ఆకారంలో ఒక సమాధి, దాని మీద లోహపు ఒంటె బొమ్మ ఉన్నాయి. 1850లలో అమెరికా సైన్యం ఎడారి ప్రయాణాలకు ఒంటెలను తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీ అనే ఒంటెల కాపరి సమాధి అది. అతని పేరు పలకలేక అక్కడివారు హై జాలీ అని పిలిచారు. 1902లో చనిపోయాడు.

ఆ పెద్దావిడ మాతో ఒక మాట అన్నది. చోటు చెడ్డది కాదట, మేము వెళ్ళిన నెల చెడ్డదట. జనవరిలో మళ్ళీ రమ్మన్నది. మేము భయపడి పారిపోయివచ్చిన నేలే వారికి చలికాలపు ఆశ్రయం.

చివరిగా

ఇంటికి వచ్చాక మేము ఒకటే అనుకున్నాము. మొదటిసారి మేము చోటును మా బలాన్నిబట్టి ఎన్నుకున్నాము. మా ఎండలు, మా ఓర్పు, మా అనుభవం మా కళ్ళకు అడ్డం వచ్చాయి. కుటుంబంతో వెళ్ళేటప్పుడు ఎన్నుకోవలసింది బలవంతులను చూచి కాదు. బండిలో ఉన్నవారిలో అందరికన్నా బలహీనులెవరో చూడాలి. వారికి ఆ చోట మధ్యాహ్నం మూడు గంటలకు ఎట్లా ఉంటుంది, కరెంటు పోతే రాత్రి ఎట్లా గడుస్తుంది, ఆసుపత్రి ఎంత దూరం అని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబు ఫోటోలో కనబడదు.

ఇంకొక సంగతి. చిన్నవాళ్ళు మెల్లగా ఒక మాట చెబితే పెద్దరికంతో త్రోసివేయకండి. మా అల్లుడు ఇప్పటివరకు ఆ రాత్రిని గురించి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమే అతనితో, "బాబూ, నీవు చెప్పినప్పుడు వినవలసింది" అన్నాము. "పోనివ్వండి మామయ్యగారూ, జనవరిలో వస్తే మళ్ళీ అక్కడికే వెళదాం" అన్నాడు నవ్వుతూ. వెళ్ళాలనే ఉన్నది. ఈసారి ట్యాంకు నింపుకొని, దుప్పట్లు పెట్టుకొని, ముందుగా అన్నీ అడిగి వెళతాము.